నలుగురు దోస్తులు, ఒక బొడ్రాయి: నా దయ్యం నవల ఆగిపోయింది, మీ మాట కావాలి

ఉదయసముద్రం (నల్లగొండ)
అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. పద్నాలుగు అధ్యాయాలు అయ్యాయి. పదిహేనో దగ్గర చెయ్యి ఆడటం లేదు. కథ చెప్తాను, కొంచెం ఓపికతో చదవండి.

మర్రిగూడ వైపు ఒక ఊరు. ఊరి పేరు నేను కల్పించుకున్నదే. 1996లో పదో తరగతి చదివిన నలుగురు దోస్తులు: యాదగిరి, లింగస్వామి, ఖాజా, సువర్ణ. ఇప్పుడు నలభై దాటారు. యాదగిరికి బోరు బండి ఉంది, తాగుడూ ఉంది. లింగస్వామిది ప్లాట్ల వ్యాపారం, తల్లి చావులోనూ గజాల లెక్క మరిచిపోని మనిషి. ఖాజా పీర్ల చావిడి ముజావర్ కొడుకు. గొడవంటే భయం, మాట్లాడాల్సిన చోట తల దించుకుంటాడు. సువర్ణ హైదరాబాద్‌లో నర్సు. వార్డులో అందరి నొప్పీ చూస్తుంది, తల్లితో మాత్రం పదేళ్ళుగా మాట లేదు. నలుగురిలో ఒక్కరు కూడా హీరో కాదు. అట్లాగే ఉండాలని నా పట్టుదల.

2023లో ఊళ్ళో కొత్త బొడ్రాయి, అంటే ఊరి నడిబొడ్డున నిలిపి కొలిచే రాయి, పెడుతున్నారని నలుగురూ వస్తారు. ఊరి చుట్టూ పొలి అన్నం చల్లే రాత్రి పొలిమేర కట్టేస్తారు కదా, లోపలివాళ్ళు బయటికి పోవద్దు, బయటివాళ్ళు లోపలికి రావద్దు. ఆ రాత్రి ఊళ్ళోకి ఏదో వస్తుంది.

అదేమిటన్నదే నా చిక్కు. ఇప్పటిదాకా రాసినదాంట్లో అది రామవ్వ. ఒంటరి ముసలమ్మ. పిల్లల కాళ్ళు వంకర పోతున్నాయి, పెద్దల నడుములు వంగిపోతున్నాయి, ఇదంతా ఆమె చేసిన బాణామతేనని, చేతబడేనని 1996 ఎండాకాలంలో ఊరంతా ఆమె మీద పడింది. ఈ నలుగురు పిల్లలూ సాక్ష్యం చెప్పారు. ఆమె పెట్టిన అన్నం ముద్ద తిన్న రాత్రే కడుపునొప్పి వచ్చిందని సువర్ణ. రాత్రిపూట కుండలో తెల్లటిదేదో కలిపి, తెల్లారి ఆ మడ్డి మూడుబాటల దగ్గర పారబోస్తుందని లింగస్వామి. అది దాటాకే కాలు తిమ్మిరెక్కిందని యాదగిరి. ఖాజాను అడిగితే తలూపాడు, అంతే. రామవ్వ చచ్చిపోయింది, ఇప్పుడు పగ తీర్చుకోవడానికి వచ్చింది.

మొన్న మా ఆవిడ అంతా చదివి ఒక్క మాట అడిగింది. "అంటే ఆమె నిజంగానే మంత్రగత్తె అన్నట్టేనా?" అప్పటి నుంచి ఒక్క వాక్యం రాయలేదు.

ఇంకో రెండు సీన్ల మీద కూడా మీ అభిప్రాయం కావాలి. ఏడో అధ్యాయంలో చిన్నప్పటి సువర్ణను అమావాస్య రాత్రి నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు గుడికి తీసుకెళ్తారు. పదకొండులో పండుగకు ముందు నలుగురూ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్తారు, అక్కడ లింగం మీది నీడ కదులుతుంది.

దేవరకొండ పోరడు
అన్నా, పొలిమేర కట్టేశాక లోపల ఇరుక్కుపోవడం అన్న ఒక్క ముక్కకే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మన ఊళ్ళల్లో ఇంత భయం దాచిపెట్టుకుని ఇంకా పాడుబడ్డ బంగళాలు, తెల్లచీరలు ఎందుకో నాకు అర్థం కాదు.

నాకు పగబట్టిన రామవ్వే కావాలి. ఒక్కటే కోరిక. చివర్లో "అదంతా వాళ్ళ మనసు భ్రమ" అని మాత్రం రాయకండి. మూడు వందల పేజీలు వణికినవాణ్ణి మోసం చేసినట్టు అవుతుంది. దయ్యం వచ్చిందంటే వచ్చినట్టే ఉండాలి.

పాలమూరు టీచరమ్మ
మీ ఆవిడ సరిగ్గా అడిగారు. నేను ఇరవై రెండేళ్ళుగా పల్లె బడుల్లో పాఠం చెప్తున్నాను. బాణామతి అన్న మాట క్లాసులో వినిపించిన ప్రతిసారీ నా గుండెల్లో దడ పుడుతుంది. ఆ మాట వెనక ఎప్పుడూ ఒక మనిషి ఉంటుంది. ఎక్కువగా ముసలిది, మొగుడు లేనిది, వెనక నిలబడే వాళ్ళు లేనిది. మన దగ్గర అనుమానం వచ్చిన వాళ్ళ పళ్ళు ఊడబీకిన సంఘటనలు ఉన్నాయి. పళ్ళు లేకపోతే మంత్రం నోరు తిరగదట. చెట్టుకు కట్టి కొట్టారు, తగలబెట్టారు. మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో దీని మీద చట్టాలు చేయాల్సి వచ్చిందంటే ఇది పాత కాలపు ముచ్చట కాదు.

మీరు ఏ ఉద్దేశంతో రాసినా, చనిపోయిన రామవ్వ తిరిగొచ్చి ఊరిని పీడిస్తే చదివినవాళ్ళకు మిగిలేది ఒక్కటే: ఊరు చేసిన అనుమానం నిజమే, ఆమెలో ఆ శక్తి ఉంది. ఆమెను రెండోసారి మీరు చంపినట్టు. నా మాట కటువుగా ఉంటే మన్నించండి, కానీ దీన్ని నేను మెత్తగా చెప్పలేను.

ఇంకొకటి. ఆమెకు భూమి ఉందా? ఆమె పోయాక అది ఎవరి చేతికి వచ్చింది? ఇలాంటి ప్రతి కథలో నేను మొదట అడిగేది ఇదే.

ఉదయసముద్రం
మేడం, కటువు ఏమీ లేదు. భూమి గురించి నేను అసలు ఆలోచించలేదు. ఇప్పుడు మీరు అడిగాక భయమేస్తోంది. మూడో అధ్యాయంలో లింగస్వామి మొదటి వెంచర్ "చెరువు కింది రెండెకరాల్లో" వేశాడని నేనే రాశాను. ఆ రెండెకరాలు అంతకుముందు ఎవరివో రాయలేదు.

భౌతికం సార్ (సూర్యాపేట)
పానగల్లు సీను గురించి ఒక మాట. ఎన్నోసార్లు పిల్లలను తీసుకెళ్ళి చూపించాను కాబట్టి చెప్తున్నాను. కుందూరు చోళుల కాలపు గుడి, త్రికూటాలయం, మూడు గర్భగుళ్ళు. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేచోట నిలబడి ఉంటుంది. బయట సూర్యుడు కదులుతాడు, ఇది కదలదు. సూర్యుడి వెలుగు నేరుగా లోపలికి రాదు. చుట్టూ ఉన్న వాకిళ్ళ నుంచి చెదిరిన వెలుగు మండపంలోకి వచ్చి, స్తంభాల మధ్య నుంచి లోపల పడుతుంది. అందుకే ఎండ తిరిగినా నీడ తిరగదు. ఎదురుగా నిలబడి ఇది ఫలానా స్తంభం నీడ అని వేలు పెట్టి చూపించలేం. పిల్లలు ఒక్కో స్తంభం దగ్గరికి పరుగెత్తి "ఇదా సార్, ఇదా సార్" అని అడుగుతారు.

మీరు ఆ నీడను కదిలించారు. కదిలిస్తే ఆ గుడి గొప్పతనమే పోతుంది. దాన్ని అట్లాగే వదిలేయండి. మీ కథలో నలుగురు ఉన్నారు, చేసిన తప్పు ఒకటి. ఎవరిదని అడిగితే నలుగురూ పక్కవాణ్ణి చూపిస్తారు. వాళ్ళు ఆ మండపంలో నిలబడి, ఎదురుగా ఎవరిదో తేలని ఒకే ఒక్క నీడను చూస్తూ ఉంటే మీరు ఇంకేం కల్పించాలి?

నార్కట్‌పల్లి కోడలు
చెరువుగట్టు సీను చదవకుండానే మాట్లాడుతున్నాను, ఏమనుకోకండి అన్నా. గట్టు మాకు దగ్గర. అమావాస్య వస్తే ఆటోలు, బస్సులు నిండిపోతాయి, రాత్రి గట్టు మీద నిద్ర చేస్తారు. జుట్టు విరబోసుకుని ఊగే ఆడవాళ్ళను చూపించి భయపెట్టాలనుకుంటే దయచేసి వద్దు.

మా బాబు పుట్టాక నాకు మూడు నెలలు నిద్ర లేదు. బాబును ఎత్తుకోవాలంటే చేతులు వణికేవి, బావి దగ్గరికి పోవాలంటే నా మీద నాకే భయం. గాలి సోకిందన్నారు. మా అత్త నన్ను గట్టుకు తీసుకెళ్ళింది. అందరూ అనుకునేట్టు ఆమె నన్ను కొట్టించలేదు. కొంగు పరిచి తన పక్కన పడుకోబెట్టింది, తెల్లార్లూ బాబును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ నాలాంటి వాళ్ళు ఎంతమందో. మూడు నెలల్లో మొదటిసారి నిద్రపోయాను. తర్వాత నల్లగొండలో డాక్టరమ్మ దగ్గర చూపించుకుంటే కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బు అని చెప్పి మందులు ఇచ్చింది, ఆరు నెలలు వాడాను. గట్టునూ డాక్టరమ్మనూ రెంటినీ నేను మరిచిపోను.

సువర్ణను గట్టుకు తీసుకెళ్ళింది ఎవరు? తల్లే అయితే, ఆ రాత్రి తల్లి ఏం చేసిందో రాయండి. వాళ్ళిద్దరికీ మాటలు ఎందుకు లేవో అక్కడ దొరకొచ్చు.

పాత ఫిట్టర్ (మునుగోడు)
నేను నీళ్ళ శాఖలో ఫిట్టర్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను. నవలలు చదివే అలవాటు తక్కువ. మా మనవరాలు ఇది చూపిస్తే చదివాను. రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది. 1996 అని రాశారు. ఆ ఏడు నల్లగొండ పార్లమెంటు ఎన్నికలో ఏం జరిగిందో మీకు గుర్తుండాలి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక చస్తున్నామని దేశానికి తెలియాలని జనం నామినేషన్లు వేశారు. డిపాజిట్ ఐదు వందలు. 480 మంది బరిలో నిలిచారు. పోలింగ్ వాయిదా పడింది. అన్ని పేర్లూ ఒక్క కాగితంలో పట్టక బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చువేశారు. ఆ తర్వాత డిపాజిట్ పది వేలు చేశారు. అంటే ఆ ఎండాకాలంలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఏ ఊళ్ళో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు, కాళ్ళు వంకర పోవడానికి కారణం నీళ్ళని. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించితే తాగొద్దన్నారు, మా దగ్గర దానికి ఎన్నో రెట్లు ఉండేది. మీ కథలో ఊరు తెలియక ముసలమ్మను అనుమానించినట్టు రాశారు. తెలియక కాదు సార్. తెలిసే.

రెండోది చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కుండలో తెల్లటిదేదో కలుపుతుంది, తెల్లారి మడ్డి పారబోస్తుంది అన్నారు. అది పటిక, సున్నం. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు కనిపెట్టిన పద్ధతి. దానికి పేరే నల్లగొండ టెక్నిక్. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి తిప్పి వదిలేస్తే తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్ళు వంచుకుని తాగాలి. బకెట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి నేర్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను. చాలామంది నాలుగు రోజులు చేసి వదిలేసేవాళ్ళు. పట్టుదలగా చేసింది కొందరు ముసలమ్మలే. మడ్డి ఇంట్లో ఉంచొద్దు, దూరంగా పారబోయమని మేమే చెప్పేవాళ్ళం.

మీ రామవ్వ ఊళ్ళో అందరికంటే మంచి నీళ్ళు తాగింది. వాళ్ళు ఆమెను పట్టుకున్నది అందుకే.

ఉదయసముద్రం
సార్, మీ పోస్టు మూడుసార్లు చదివాను. తెల్లటి మడ్డి ముచ్చట నేను కల్పించింది కాదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో అరుగుల మీద ఒకామె గురించి అట్లా చెప్పుకునేవాళ్ళు. నేను అది బాణామతి కథగానే విన్నాను, ముప్పై ఏళ్ళు అట్లాగే మోశాను, అట్లాగే నవలలో పెట్టాను. ఆమె నీళ్ళు శుభ్రం చేసుకుంటోందని ఈ రోజు దాకా నాకు తట్టలేదు.

ఇంక ఈ నవల పాత దారిలో పోదు.

గద్వాల చీర
పటిక అనగానే మా ఇంటి గడప గుర్తొచ్చింది. దిష్టికి పటిక ముక్క నల్లదారంతో కట్టి వేలాడదీస్తాం. సున్నం, పసుపు కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తాం. మన ఇంట్లో చెడును తీసే వస్తువులే ఆమె ఇంట్లో చెడును చేసేవి ఎట్లా అయ్యాయి? ఊళ్ళో ఎవరో ఒక ఆడమనిషికి ఈ అనుమానం వచ్చే ఉంటుంది, నోరు మూసుకుని ఉంటుంది. ఆ ఆడమనిషి సువర్ణ తల్లి అయితే?

నార్కట్‌పల్లి కోడలు
అక్కా, ఒళ్ళు జలదరించింది. కూతురు అబద్ధం చెప్తోందని తల్లికి తెలుసు. అందుకే గట్టుకు తీసుకెళ్ళింది, గాలి సోకి కాదు.

జడ్చర్ల జంక్షన్
నేను పదకొండేళ్ళు బోరు బండి మీద పనిచేశాను, ఇప్పుడు సొంత బండి. యాదగిరి గురించి చెప్తాను.

బోరు దిగుతుంటే మొదట ఎర్రమట్టి వస్తుంది, కేసింగ్ దించుతాం. తర్వాత రాయి. కంప్రెషర్ గాలికి పొడి పైకి చిమ్ముతుంది, రాయి మారితే పొడి రంగు మారుతుంది. నలుపు, బూడిద, గులాబి. అది చూసి లోపల ఏముందో చెప్తాం. రాత్రి పనైతే లైటు వెలుగులో మనుషులంతా తెల్లటి పొడి పూసుకుని నిలబడి ఉంటారు, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి, చప్పుడుకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. తడి తగిలే ముందు చప్పుడు మారుతుంది. ఆ క్షణం రైతు ముఖం చూడాలి. ఇంటిల్లిపాదీ బోరు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడతారు. నీళ్ళు పడకపోతే ఆ ఇంటికేసి చూడలేం, బండి కిరాయి అడగాలంటే నోరు రాదు, అడగక తప్పదు. తాగుడు ఎందుకు పట్టుకుంటుందో నాకు తెలుసు.

మన దగ్గర విషం ఉన్నది రాయిలోనే. పైబావులు ఎండిపోయి జనం బోర్ల మీద పడ్డారు, రాయిలో ఏళ్ళ తరబడి నానిన నీళ్ళు పైకి తెచ్చి తాగారు. యాదగిరి నాన్న కూడా బోరు మేస్త్రీ అయితే ఆలోచించండి. ఊరి కాళ్ళు వంచిన నీళ్ళు పైకి తెచ్చింది ఎవరు? నింద రామవ్వ మీదికి పోవాలని ఆ ఇంటికి ఎంత అవసరమో.

   

దేవరకొండ పోరడు
నేను మొదట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, రామవ్వ దయ్యం కావద్దు. కానీ దయ్యం కావాలి! అందరూ కలిసి అన్నను సామాజిక నవల వైపు లాగేస్తున్నారని నా టెన్షన్. చీకట్లో తలుపు కొట్టేది ఒకటి లేకపోతే నాలాంటివాడు ఈ పుస్తకం తెరవడు. నేను తెరవకపోతే ఈ పటిక సంగతి నాకు ఎట్లా తెలుస్తుంది?

నా ఆలోచన చెప్తా. వచ్చింది రామవ్వ కాదు. 1996లో ఊళ్ళోకి వచ్చింది, ఇప్పటికీ పోలేదు. దానికి సొంత నోరు లేదు. ఎవరి నోరైనా అరువు కావాలి. ఆ ఎండాకాలం నలుగురు పిల్లల నోళ్ళు అరువు తీసుకుంది. వాళ్ళు ఊరు వదిలిపోయాక ఆకలితో పడుకుంది. ఇప్పుడు నలుగురూ ఒకేసారి వచ్చారు, పొలిమేర కట్టేశారు. రాత్రి ఎవరో పిలుస్తారు, సువర్ణ గొంతే, కానీ సువర్ణ ఎదురుగా నోరు మూసుకుని కూర్చుని ఉంది. టీచర్ మేడం పళ్ళ సంగతి చెప్పారు కదా. ఈ నలుగురూ ఆ రాత్రి అబద్ధం ఆడిన ప్రతిసారీ ఒక పన్ను కదులుతుంది. నొప్పి ఉండదు, నెత్తురు ఉండదు. నాలుకకు తగులుతుంది, అంతే.

పాలమూరు టీచరమ్మ
తమ్మీ, ఇది రాయదగ్గ భయం. నాకు కూడా భయమేసింది. ఒక్కటే కోరుతున్నా, 1996లో రామవ్వకు ఏం జరిగిందో ఆ దృశ్యం పేజీ మీద చూపించకండి. ఆమె బాధను తమాషాగా చదివేవాళ్ళు ఉంటారు. ఆ నలుగురి నాలుకకు తగిలే చోటే చదివేవాడికి అర్థం కావాలి.

తుంగతుర్తి ఆడబిడ్డ
బొడ్రాయి గురించి నేను చెప్పాలి. మా పుట్టింట్లో జరిగినప్పుడు దగ్గరుండి చూశాను. మీరు పొలిమేర కట్టడం చెప్పారు కానీ అంతకంటే పెద్దది వదిలేశారు. ఊళ్ళో పుట్టిన ఆడబిడ్డలందరినీ పిలవాలి. ఎంత దూరం ఇచ్చినా, ఎన్నేళ్ళయినా, ముసలమ్మలైనా. ఒడిబియ్యం, చీర పెట్టాలి. ఎనభై ఏళ్ళావిడను మనవడు బండి మీద తీసుకొస్తే మా వదిన కాళ్ళు కడిగింది, ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. బైండ్లవాళ్ళు జమిడిక మోగిస్తుంటే పసుపు, కుంకుమ కలిపిన పొలి అన్నం ఊరి చుట్టూ చల్లుకుంటూ పోతారు. "పొలి, పొలి" అని అరుస్తుంటే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

రామవ్వ ఆ ఊరి కోడలా, ఆడబిడ్డా?

ఉదయసముద్రం
ఆడబిడ్డే. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చింది, తండ్రి ఇచ్చిన రెండెకరాలు చేసుకుంటూ బతికింది.

అయ్యో. ఆమెను పిలవలేదు.

తుంగతుర్తి ఆడబిడ్డ
పిలవకపోతే కట్టు ఎట్లా పడుతుంది? వాళ్ళు కట్టామనుకున్నారు. ఒకచోట తెరుచుకునే ఉంది. వచ్చేది ఆ సందులో నుంచే వచ్చింది.

పేరొద్దు
ఈ చర్చను నాలుగు రోజులుగా చూస్తున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నాను. ఊరు, జిల్లా చెప్పను.

మా నాయినమ్మను అన్నారు ఆ మాట. కొట్టలేదు. కొట్టేదాకా రాకముందే మా నాన్న రాత్రికి రాత్రి బండి కట్టించి మమ్మల్ని తీసుకొచ్చేశాడు. బర్రెను, రెండు గుమ్ములను వదిలేశాం. నాకు ఆరేళ్ళు. టౌన్‌లో కిరాయి ఇంట్లో పద్నాలుగేళ్ళు బతికింది. ఆ పద్నాలుగేళ్ళూ ఆమె పరాయి పిల్లవాడి చేతికి తినేది ఇవ్వలేదు. పండుగకు అరిసెలు చేస్తే పక్కింటి పిల్లల కోసం పిట్టగోడ మీద పెట్టి, లోపలికి వచ్చి తలుపు వేసుకునేది. వాళ్ళు తీసుకుపోయారా లేదా అని కిటికీలో నుంచి చూసేది. ఎవరికైనా జ్వరం వచ్చిందని తెలిస్తే ఆ వారం బయటికి వచ్చేది కాదు.

మా ఊరి వాళ్ళు ఒక్కరు కూడా వచ్చి తప్పయిందని అనలేదు. చావుకు కూడా రాలేదు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. మీ రామవ్వ ఎందుకు చచ్చిపోవాలి? చచ్చిపోతే వాళ్ళకు సులువు. దయ్యానికి దండం పెట్టి వదిలించుకోవచ్చు. బతికి ఉంటే ఆమె కళ్ళలోకి చూడాలి.

పాత ఫిట్టర్
బాబూ, నీకు దండం. మీ నాయినమ్మకు కూడా.

జడ్చర్ల జంక్షన్
అన్నా, నోట మాట రావడం లేదు.

దేవరకొండ పోరడు
పేరొద్దు అన్నా, మీరు రాసినందుకు థాంక్స్ అనడం కూడా చిన్నదే. ఉదయసముద్రం అన్నా, ఇంక కథ దొరికినట్టే కదా! పొలిమేర కట్టేసి ఉంది. లోపల నోరు లేనిది తిరుగుతోంది. కట్టు పడాలంటే రామవ్వ రావాలి. ఆమెను తీసుకురావాలంటే నలుగురూ పొలిమేర దాటాలి. దాటితే ఊరు వాళ్ళను ఊరుకోదు. 1996లో ఆమె మీద పడిన జనమే ఇప్పుడు వీళ్ళ మీద పడుతుంది.

గద్వాల చీర
ఆమె వస్తుందా రాదా అన్నది ముందే తేల్చకండి. పిలిచిన వెంటనే వచ్చేస్తే నేను నమ్మను.

ఉదయసముద్రం
పది రోజులు కనిపించలేదు, మన్నించండి. పద్నాలుగు అధ్యాయాల్లో తొమ్మిది తీసేశాను. పేరొద్దు గారూ, మీకు విడిగా మెసేజ్ పెట్టాను. మీరు వద్దంటే గోడ మీది అరిసెల సంగతి వాడను.

కొత్త పదిహేనో అధ్యాయంలో కొంచెం ఇక్కడ పెడుతున్నాను. నలుగురూ పొలిమేర దాటి, తెల్లవారుజామున టౌన్‌లో రామవ్వ ఉంటున్న గది ముందుకు వస్తారు. యాదగిరికి రెండు పళ్ళు లేవు. ఖాజా దారి పొడవునా మాట్లాడలేదు, ఎందుకంటే వాళ్ళలో ఎవరిది నిజం గొంతో ఇంకా తెలియదు.

"తలుపు తెరిచే ఉంది. ముసలమ్మ వాళ్ళ వైపు చూడకుండా బకెట్ ముందుకు లాక్కుంది. పటిక ముక్క తీసి నీళ్ళలో గుండ్రంగా తిప్పింది. తర్వాత డబ్బాలో నుంచి చిటికెడు సున్నం తీసి కలిపింది. ఇక్కడ నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తాయి. అయినా చెయ్యి మానలేదు.

లింగస్వామి బొడ్రాయి కార్డు ముందుకు చాపాడు. ఆమె చేతికి తీసుకోలేదు. గడప మీద పెట్టమన్నట్టు కళ్ళతో చూపించింది.

'అవ్వా, ఊళ్ళో పండుగ. ఆడబిడ్డవు, నువ్వు రావాలి' అంది సువర్ణ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

రామవ్వ నీళ్ళు తేరేదాకా మాట్లాడలేదు. మడ్డి అంతా అడుగుకు దిగాక, పైనీళ్ళు ఒక చెంబులోకి వంచి, గడప మీద కార్డు పక్కన పెట్టి వెనక్కి జరిగింది.

'దూరం నుంచి వచ్చిండ్రు' అంది. 'తాగండి.'

నలుగురిలో ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. అప్పుడు ఖాజా కూర్చుని, రెండు చేతులతో చెంబు ఎత్తాడు."

ఆమె ఊరికి వస్తుందా అన్నది ఇంకా రాయలేదు.

పేరొద్దు
వాడుకోండి. కానీ అరిసెలు కాదు, సకినాలు అని రాయండి. మా ఇంట్లో అరిసెలే, అది మాకు ఉండనివ్వండి.

పాలమూరు టీచరమ్మ
ఖాజా చెంబు ఎత్తిన చోట ఆగిపోయాను. నా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పేజీ చదివి వినిపించడానికి మీ అనుమతి కావాలి.

దేవరకొండ పోరడు
మాట్లాడని ఖాజాకే దయ్యం పట్టిందని నేను చివరిదాకా అనుకున్నా. ఇప్పటికీ అనుమానం పోలేదు. అదే బాగుంది అన్నా, తేల్చకండి.

పాత ఫిట్టర్
బాగుంది సార్. మా మనవరాలు గట్టిగా చదివి వినిపించింది. ఒక్క తప్పు ఉంది. ముందు సున్నం కలపాలి, ఆ తర్వాత పటిక. మీరు తిరగేశారు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న మనిషి, రామవ్వ ఆ వరుస తప్పదు.

ఉదయసముద్రం
మార్చాను సార్.